గాజుపోగు

కృష్ణకును తుంగభద్రకును నడుమ నున్న సీమకు నడిగడ్డ యని పేరు. గద్వాల, అయిజ, ఆలంపురము మున్నగు ఊళ్లు ఈ గడ్డమీదనే యున్నవి. రెండు మహానదుల నడుమ నుండుట గొప్ప సిరియని పొరుగు సీమల వారు తలంతురు. అది కొంతవరకే నిజము. నదులు పొంగినప్పుడు నడిగడ్డ దీవివలె నగును. వంతెనలు లేని కాలమున ఏరు దాటుటకు పుట్టి తప్ప వేరు సాధనము లేకుండెను. వెదురుబద్దలతో నల్లిన ఆ గుండ్రని పుట్టిలో కూర్చుండి, జాబు మోయువాడు తెడ్డు వేయువాని నేర్పును నమ్ముకొని యావలి యొడ్డు చేరవలసి వచ్చెడిది. వంతెనలు వచ్చిన పిమ్మటను నది తన మాట నది చెల్లించుకొనుచునే యున్నది. 2009 అక్టోబరు వరదలలో తుంగభద్ర యొడ్డుననున్న రాజోలి, ఆలంపురములు నీట మునిగినవి. ఆవలి కర్నూలు నగరమును మునిగినది. అట్టి వేళ అన్నముకంటె ముందుగా మనుష్యుడు కోరునది ఒక్కటే: తనవారు బ్రతికియున్నారను కబురు.

కబురు విలువ ఈ సీమకు క్రొత్తగా తెలిసినది కాదు. గద్వాల సంస్థాన ప్రభువులు పండితులను ఆదరించిరి. ‘విద్వద్గద్వాల’ యను పేరు అందుచేతనే వచ్చినది. దూరప్రాంతముల నుండి కవులు ఏరులు దాటి వచ్చి, తమ విద్యను ప్రదర్శించి, సత్కారములు పొంది పోయెడివారు. నాడు విద్య మనుష్యుని వెంట కాలినడకను వచ్చినది. నేడు అది నేలకు సుమారు అయిదున్నర అడుగుల లోతున, వెండ్రుకవంటి గాజుపోగులో, వెలుగై వచ్చుచున్నది.

హైదరాబాదు నుండి కర్నూలునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి బీచుపల్లికడ కృష్ణను దాటి నడిగడ్డలో ప్రవేశించును. ఎర్రవల్లి కూడలి, ఆలంపురము కూడలి దాటి తుంగభద్రను చేరును. ఇట్టి రహదారుల ప్రక్కన అక్కడక్కడ పాతిన చిన్న గుర్తురాళ్లను ప్రయాణికులు చూచియే యుందురు గాని, అవి యేమని అడిగినవారు అరుదు. వాని క్రింద 40 మిల్లీమీటర్ల వెడల్పుగల ప్లాస్టిక్ గొట్టములును, ఆ గొట్టములలో కేబులును, కేబులులో గాజుపోగులును ఉండును. నది యడ్డము వచ్చినచోట సాధారణముగా వంతెన ప్రక్కకు ఇనుపగొట్టము బిగించి దానిగుండ కేబులును దాటింతురు. రైలుదారుల వెంటను ఇట్లే కేబుళ్లు సాగుచున్నవి. ఆ పనికై 2000లో రైల్‌టెల్ అను ప్రభుత్వ సంస్థ యేర్పడినది. పుట్టి నడపువాడు దాటించిన జాబు ఒక పూటకు ఆవలి యొడ్డు చేరెడిది. గాజులో వెలుగు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. గద్వాలకును హైదరాబాదునకును నడుమగల దూరము రెండువందల కిలోమీటర్లకు మించదు గనుక, మాట యటు చేరుటకు సెకనులో వేయవ వంతు చాలును.

గాజులో వెలుగు అట్లు బందీయై పోవుటయెట్లు? ఈత నేర్చిన బాలురకు దీనిని చెప్పుట తేలిక. మోటబావిలో మునిగి, కన్నులు తెరచి పైకి చూచినచో, తలపైన ఒక గుండ్రని కిటికీవలె ఆకాశము కనబడును. ఆ కిటికీ చుట్టును ఆకాశము లేదు. బావిగోడలును బావి యడుగును అద్దములో వలె తలక్రిందులుగా కనబడును. నీటిలోనుండి పైకి పోవు వెలుగు ఏటవాలుగా, అనగా నిలువుగీతకు సుమారు 49 డిగ్రీలకంటె మిక్కిలి వంగి, నీటి యుపరితలమును తాకినచో, బయటికి పోజాలక మరల నీటిలోనికే మరలును. దీనినే శాస్త్రజ్ఞులు సంపూర్ణాంతర పరావర్తన మందురు. గాజుపోగును ఈ సూత్రముతోనే చేయుదురు. లోపల ఒకవిధమైన గాజు. దానిచుట్టు తొడుగువలె, వెలుగును వంచు శక్తి కొంచెము తక్కువైన వేరొక గాజు. లోపలి గాజులో ప్రవేశించిన వెలుగు తొడుగును దాటజాలక, ఆ సన్నని దారినే పట్టుకొని పోవును. దూరప్రయాణములకు వాడు పోగులో ఆ లోపలి దారి వెడల్పు మిల్లీమీటరులో నూరవవంతునకు లోబడియే యుండును. తొడుగుతో గూడ మొత్తము గాజు వెడల్పు మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. దానిని గాయములనుండి కాపాడుటకు పైన రంగు పూత యొకటి వేయుదురు.

వెలుగు వంకరదారిని పోవునను మాట ఒకప్పుడు బడిలోనే చెల్లలేదట. పంజాబులోని మోగాలో 1926లో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ బాలుడుగా నున్నప్పుడు, వెలుగు సరళరేఖలోనే పోవునని ఉపాధ్యాయుడు చెప్పగా, అది యంతటను నిజము కాదని నిరూపింపవలెనను పట్టుదల ఆయనకు కలిగినదని చెప్పుదురు. ఆ పట్టుదల లండనులో ఫలించినది. 1954లో ఆయనయు హెరాల్డ్ హాప్కిన్స్ అను ఆచార్యుడును గాజుపోగుల కట్టగుండ బొమ్మను పంపి చూపిరి. ఉపాధ్యాయుని మాటను ప్రశ్నించుట అవినయమని కొందరనుకొందురు. ప్రశ్నించి యూరకుండిన అవినయమే. ప్రశ్నించి ఇరువదియేండ్లు శ్రమించిన దానికి మరియొక పేరు వెదకవలెను.

అయినను ఆ గాజులో వెలుగు కొన్ని మీటర్లు పోవుసరికే క్షీణించిపోయెడిది. దోషము వెలుగుది కాదు, గాజులోని మలినములది. 1966లో చార్లెస్ కావో తన సహోద్యోగి జార్జి హాకమ్‌తో కలిసి, గాజును తగినంత శుద్ధి చేసినచో ఒక కిలోమీటరు పోయిన తరువాత నూటికి ఒక పాలు వెలుగు మిగులుననియు, అంతమాత్రము మిగిలినను టెలిఫోను మాటలు పంపుటకు చాలుననియు లెక్కగట్టి చెప్పెను. నాటి మంచి గాజులో ఆ దూరమునకు చెప్పదగినంత వెలుగే మిగులకుండెను గనుక ఇది చాలమందికి పగటికలగా తోచినది. నాలుగేండ్లలో, 1970లో, అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు అంతకంటె మేలైన పోగును తీసిరి. నేటి పోగులో ఒక కిలోమీటరు కాదు, నూరు కిలోమీటర్లు పోయిన తరువాత నూటికి ఒక పాలు వెలుగు మిగులుచున్నది! కావోకు 2009లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమతి వచ్చినది. అప్పటికి ఆయన జ్ఞాపకశక్తిని హరించు వ్యాధికి లోనై యుండుటచే, ఆయన భార్య ఆయన పక్షమున ఉపన్యసించినది. లోకమంతటికి మాటలదారి వేసినవానికి తన మాటలే మరపునకు వచ్చుట విధి విలాసమనవలెను.

మన దేశమున గాజుపోగుతో టెలిఫోను కేంద్రములను కలిపిన మొదటి మార్గము 1979లో పూనాలో ఏర్పడినది. పిమ్మట నగరములనుండి నగరములకు కేబుళ్లు సాగినవి. పల్లెల వంతు చాల ఆలస్యముగా వచ్చినది. సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు గాజుపోగును చేర్పవలెనని కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో నిశ్చయించినది. ఆ పథకమే తరువాత భారత్‌నెట్ అను పేరు దాల్చినది. తెలంగాణమున ఇంటింటికి త్రాగునీరు పంపు మిషన్ భగీరథ గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబరు గొట్టములును వేయవలెనని రాష్ట్రప్రభుత్వము సంకల్పించినది. ఒకే కందకమున నీరును వెలుగును పోవుట మంచి పొదుపు. టి-ఫైబర్ అను ఆ యేర్పాటును 2024 డిసెంబరులో కొన్ని గ్రామములందు ప్రయోగరూపమున ప్రారంభించిరి. గద్వాలకు పొరుగుననున్న నారాయణపేట జిల్లాలోని మద్దూరు వానిలో నొకటి.

ఈ కందకములను గూర్చి చెప్పునప్పుడు పాలమూరు పేరు తలపకుండుట న్యాయము కాదు. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లా యేర్పడువరకు ఈ సీమ మహబూబునగరు జిల్లాలోనిది. మహబూబునగరు పాతపేరు పాలమూరు. చుట్టును నదులు పారుచున్నను చేలు ఎండినవి. వానలేని యేడు వచ్చినచో దంపతులు ముసలివారిని, చిన్నపిల్లలను ఇంటికడ విడిచి, గుంపు మేస్త్రీ వెంట వలసపోయెడివారు. దేశమున పెక్కు ఆనకట్టలకడ, కాలువలకడ, రహదారులకడ మట్టి త్రవ్వినవారిలో ‘పాలమూరు లేబరు’ అను పేరు లేని చోటు అరుదు. నగరముల వీథులలో కేబుళ్లకై గుంటలు త్రవ్విన చేతులలోను ఈ సీమవారి చేతులు కలవు. కొలతకు కూలి. 165 సెంటీమీటర్ల లోతున కందకము త్రవ్వవలెనని నియమము. అనగా త్రవ్వువాడు లోపల నిలిచినచో పైవారికి అతని తలపాగ మాత్రమే కనబడును. ఆ లోతు తగ్గినచో కేబులునకు ఆయుస్సు తగ్గును. కాని నల్లరేగడి నేల వేరు, బండనేల వేరు. బండ తగిలినచోట గడ్డపార ఒక పూటకు ఒక మూరైన సాగదు. కొలత పుస్తకమునకు మాత్రము బండయు రేగడియు ఒక్కటే యని తోచుట కద్దు. పరుల నగరములకు మాటలదారి త్రవ్విన వాని ఊరికి ఆ దారి పెక్కేండ్లు రాలేదు. బిడ్డ యెట్లున్నాడో తెలిసికొనుటకు ఆ తల్లి పండుగకు ఊరు చేరువరకు వేచియుండెడిది. ఈ పని యొక్క చరిత్ర వ్రాయువారు కావో పేరు వ్రాయుదురు, అది యుచితమే. ఆ పుటలోనే ఈ గడ్డపారకును చోటుండవలెను.

కందకము పూడ్చిన తరువాత గొట్టములోనికి కేబులును దూర్చుట యొక వింత. త్రాడుతో లాగినచో గాజు తెగునను భయము. అందుచేత యంత్రముతో బలమైన గాలిని గొట్టములోనికి ఊదుచు, ఆ గాలిమీద కేబులు తేలిపోవునట్లు చేయుదురు. కేబులు చుట్టలు సాధారణముగా రెండేసి కిలోమీటర్ల పొడవున వచ్చును. అనగా ప్రతి రెండు కిలోమీటర్లకు ఒక అతుకు. ఈ విద్య యంతయు ఆ అతుకులో నున్నది.

అతుకు పనిని గద్వాల వారికి ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. గద్వాల చీర యొడలు నూలు. అంచును కొంగును పట్టు. నూలు స్వభావము వేరు, పట్టు స్వభావము వేరు. రెంటిని కుట్టక, మగ్గముమీదనే ఒండొంటిలో చిక్కించి నేయుదురు. దానినే కుప్పడ మందురు. కొంగు మొదలగుచోట పట్టు పడుగు పోగులను నూలు పడుగు పోగులకు ఒక్కొక్కటిగా చేతితో కలుపవలెను. వేలకొలది పోగులు. ఒక్కటి తప్పినను ఆ తప్పు కొంగు పొడవునను గీతవలె కనబడును. సంస్థాన కాలమున ఇచటి నేతగాండ్రను కాశికి పంపి పని నేర్పించిరని చెప్పుదురు. మగ్గపు గుంటలో కూర్చుండి, తల వంచి, మునివ్రేళ్లతో పోగు వెదకు నేతగానిని చూచినవారికి, రహదారి ప్రక్కన గుడారములో కూర్చుండి గాజుపోగు లతుకు పనివాడు క్రొత్తవాడుగా కనబడడు.

ఆతడు చేయు పని యిది. మొదట కేబులు పైతొడుగును కోసి తీయును. లోపలి సన్నని గొట్టములలోని జిడ్డును గుడ్డతో తుడుచును. అప్పుడు రంగులు బయటపడును. నీలము, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేత సముద్రపు రంగు: ఇట్లు పండ్రెండు రంగుల వరుస. లోకమంతట చాలవరకు ఈ వరుసయే చెల్లును. నీలము నీలముతోను, నారింజ నారింజతోను కలియవలెను. సంధ్య చీకటిలో బూడిదరంగును తెలుపని భ్రమించినచో ఒక ఊరి మాట మరియొక ఊరికి పోవును. పిదప పోగునకు చిన్న రక్షణగొట్టమును ముందుగానే తొడుగవలెను. క్రొత్తవాడు దీనిని మరచును. అతుకు పూర్తియైన తరువాత తొడుగుటకు త్రోవ లేదు గనుక మరల త్రెంచి మొదలుపెట్టును. రంగు పూతను ఒలిచి, స్పిరిటుతో తుడిచి, పదునైన చిన్న పనిముట్టుతో గాజుమీద గీత పెట్టి విరుచును. కోయుట కాదు, విరుచుటయే. ఆ విరుపు సరిగా నిలువుగా, అద్దమువలె నునుపుగా నుండవలెను. విరిగిన తునకలను ఒక డబ్బీలో వేయును. కంటికి కనబడని ఆ గాజుముల్లు కాలిలో దిగినచో తీయుట కష్టము. అనుభవజ్ఞుడు తాను కూర్చున్నచోట అన్నము తినడు.

అప్పుడు రెండు కొసలను స్ప్లైసింగు యంత్రములో ఎదురెదురుగా పరుండబెట్టి మూత వేయును. యంత్రపు తెరమీద అవి రెండు స్తంభములవలె పెద్దవిగా కనబడును. యంత్రము వానిని సరిచేసి, విద్యుత్తు మెరుపు నొకదానిని వాని నడుమ పుట్టించును. గాజు కరగి గాజులో కలియును. నూలునకు ముడి యున్నది. గాజునకు ముడి లేదు. కరగి యొక్కటియగుటయే దాని ముడి. యంత్రము వెంటనే ఈ యతుకులో ఎంత వెలుగు నష్టమగునో అంకెతో చూపును. మంచి యతుకులో పోవు నష్టము నూటికి ఒక పాలైనను ఉండదు. అంకె పెద్దదైనచో త్రెంచి మరల చేయవలసినదే. తరువాత రక్షణగొట్టమును అతుకుపైకి జరిపి, వేడితో బిగించి, పోగును మెత్తగా చుట్టి పెట్టెలో నమర్చును. బిగువుగా మడచరాదు, మడత తీవ్రమైనచో వెలుగు ఆ మలుపుకడ తొడుగును దాటి పారిపోవును. ఇరువదినాలుగు పోగుల కేబులైనచో ఇరువదినాలుగు మారులు ఇదియే పని. దుమ్ము పడరాదు, గాలి తగులరాదు, చేయి వణకరాదు. నడిగడ్డ యెండలో ఆ గుడారపు ఉక్కపోత ఎట్టిదో వేరుగ చెప్పనేల?

ఇట్లు వచ్చిన వెలుగు మండలకేంద్రమునుండి పల్లెలకు చీలు విధము జూరాల కాలువ నీటి పంపకమును తలపించును. ఎక్స్చేంజిలో నొక పెద్ద పెట్టె, దానిని ఓ.ఎల్.టి. యందురు, సెకనునకు సుమారు 248 కోట్ల సంకేతములను వెలుగు మినుకులుగా మార్చి పంపును. నడుమ స్ప్లిట్టరను చిన్న పరికరము తూమువలె నుండి ఆ వెలుగును పాయలుగా చీల్చును. దానికి కరెంటు అక్కరలేదు. పంచాయతీ కార్యాలయమున ఓ.ఎన్.టి. యను చిన్న పెట్టె ఆ వెలుగును గ్రహించి, మరల విద్యుత్సంకేతములుగా మార్చి కంప్యూటరున కందించును. దీనికి కరెంటు కావలెను. కరెంటు పోయి బ్యాటరీయు అడుగంటినచో, గుమ్మమువరకు వచ్చిన వెలుగు గుమ్మముకడనే నిలిచిపోవును. నూరు మైళ్ల శ్రమ ఒక బ్యాటరీకడ ఆగుట పల్లెలలో వింత కాదు.

ఇక కేబులు తెగుట. దానికి శత్రువులు పెక్కు. జనులు జేసీబీ యని పిలుచు మట్టి త్రవ్వు యంత్రము అందు మొదటిది. రోడ్డు వెడల్పు చేయువారు, నీటి గొట్టము వేయువారు, మురుగుకాలువ త్రవ్వువారు గుర్తురాయిని గమనింపక ఒక్క తోడుతో ఇరువదినాలుగు పోగులను త్రెంపుదురు. రాగి దొరకునని యాశపడి కేబులును త్రవ్వితీసి, గాజును చూచి పారవేసిపోవు దొంగలును కలరు. ఎలుకలు కొరుకును. స్తంభములమీద వ్రేలాడు కేబుళ్లను కాశిలో కోతులు కొరికివేయుచున్నవని 2015లో పత్రికలు వ్రాసినవి.

తెగినచోటును కనుగొను విధము చక్కనిది. ఓ.టి.డి.ఆర్. అను పరికరము పోగులోనికి ఒక్క మినుకును పంపి, తెగిన కొసనుండి మరలివచ్చు ప్రతిఫలమునకై కాచుకొనియుండును. బావిలో కేకవేసి ప్రతిధ్వనికై చెవియొగ్గు బాలునివంటిది ఇది. మినుకు పోయి వచ్చుటకు సెకనులో పదివేలవ వంతు పట్టినచో, తెగినచోటు పది కిలోమీటర్ల దూరమున నున్నది. లెక్క తప్పదు. అయినను ఆ లెక్కను నమ్మి బండిమీద పది కిలోమీటర్లు పోయినవాడు తెగినచోటును కనుగొనజాలడు! ఏలయన, కేబులును వేయునప్పుడు ప్రతి అతుకుకడను, ప్రతి వంతెనకడను కొన్ని మీటర్ల కేబులును చుట్టగా మిగిల్చి పెట్టుదురు. పోగు కొలత వేరు, నేల కొలత వేరు. ఏ గుంటలో ఎన్ని చుట్టలున్నవో, ఏ వేపచెట్టుకడ కేబులు రోడ్డును దాటినదో ఎరిగిన పాత లైన్‌మాన్ ఉన్నచో పని గంటలో తేలును. లేనిచో దినమంతయు గుంటలు త్రవ్వవలెను. కాగితముమీద పటము లుండును. కాని రోడ్డు వెడల్పై, రాయి పెరికివేయబడి, చెట్టు కొట్టివేయబడిన తరువాత పటముకంటె మనుష్యుని జ్ఞాపకమే ఎక్కువ పనికివచ్చును. అట్టి మనుష్యులు పదవీవిరమణ చేయునప్పుడు వారు ఎరిగినదానిని వ్రాసియుంచుకొను ఆచారము మనలో తక్కువ.

పోగు తెగినచో నష్టమేమి? నగరవాసికి మరియొక దారి యుండును. పల్లెలో నున్న ముదుసలి వ్రేలిముద్ర వేసి పింఛను పొందవలెను. ఆ ముద్ర దూరముననున్న యంత్రమునకు పోయి ‘ఈమె ఈమెయే’ యను మాట తేవలెను. మాట రాకున్నచో, ఊరివారందరు ఎరిగిన ముసలమ్మ తాను తానని నిరూపించుకొనలేక అరుగుమీద కూర్చుండవలెను. రేషను దుకాణముకడను ఇదియే. పరీక్షకు దరఖాస్తు పెట్టుకొను విద్యార్థికి గడువు దినము ఒక్కటే. రాజోలి నేతగాడు తాను నేసిన అంచు బొమ్మను కొనుగోలుదారునకు చూపదలచినచో, ఆ బొమ్మయు ఈ పోగునుండియే పోవలెను. పూర్వము కబురు రాకున్నచో దుఃఖము; నేడు దుఃఖమేగాక కూడును నిలుచును.

అందుచేత తెలిసినవారు ఒక మాట చెప్పుచుందురు: పోగును చెట్టుకొమ్మవలె చీల్చుకొనిపోయినచో, కొమ్మ మొదట గొడ్డలి పడగానే చివరి ఆకులన్నియు వాడును, గాజులవలె గుండ్రముగా త్రిప్పి మొదటికే చేర్చినచో, ఒకచోట తెగినను వెలుగు రెండవ వైపునుండి చుట్టివచ్చును. భారత్‌నెట్ తొలిదశలో పంచాయతీల దారులు ఎక్కువగా కొమ్మలవంటివి. 2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము 1.39 లక్షల కోట్ల రూపాయల వ్యయముతో ఆ పథకమును సవరించి, పంచాయతీలను వలయములుగా కలుపవలెనని నిర్ణయించినది. ఈ నిర్ణయము నడిగడ్డవంటి సీమకు చేయు మేలు మరి యే సీమకును చేయదు. కృష్ణమీదుగా ఉత్తరమునుండి ఒక త్రోవ, తుంగభద్రమీదుగా దక్షిణమునుండి ఒక త్రోవ ఉండి, రెండును లోపల కలిసియున్నచో, ఒక నది కోపించినను రెండవ నది మాటను దాటించును. రెండు నదులును ఒక్కమారే కోపించిన 2009 వంటి యేడు వచ్చినచో మాత్రము, ఆకాశమున తిరుగు ఉపగ్రహమును, ఒడ్డున నిలిచిన పుట్టివానిని అడుగవలసినదే.

వలయము పూర్తియగువరకు పల్లె ఆ ఒక్క పోగుమీదనే యాధారపడి యుండును. పంచాయతీలోని చిన్న పెట్టెకు వరుసగా కొన్ని దీపములుండును. వెలుగు రానప్పుడు వానిలో నొకటి ఎర్రగా కొట్టుకొనుచుండును. గుడారములో కూర్చున్నవాడు ఇరువదిమూడవ పోగు అతికి, ఇరువదినాలుగవదాని కొస తుడుచుచుండగా, ఫోనులో ఆవలివాడు తొందరపెట్టుచునే యుండును. ఇతడు తొందరపడడు. గీత పెట్టి, విరిచి, తెర చూచి, విరుపు సరిగాలేదని పారవేసి, మరల విరుచును. మెరుపు మెరయును. పంచాయతీలో ఎర్రదీపము ఆరి ఆకుపచ్చ దీపము నిలుకడగా వెలుగును. అరుగుమీది ముసలమ్మను లోపలికి రమ్మని పిలుతురు. ఆమె బొటనవ్రేలిని చీర కొంగుతో తుడుచుకొని లేచును.